గోడలోని నీటి గొట్టములు: స్నానపు గదిలో షవరును వేరొక చోటికి మార్చునపుడు గృహస్థులు గమనింపవలసిన విషయములు

ఇంటిలో కంటికి కనబడు దోషమును గృహస్థుడు త్వరలోనే సవరించుకొనును. కారుచున్న కుళాయి, పగిలిన తొట్టి, మూత లేని నీటి ట్యాంకు తమ లోపమును తామే ప్రకటించుకొనును. గోడలో పూడ్చబడిన గొట్టమున కట్టి నోరు లేదు. దాని దోషము బయటపడునప్పటికి గోడ చెమ్మగిల్లి, పూత యుబ్బి, బూజు పట్టి యుండును. కొన్ని సమయములయందు ఇంటివారి యారోగ్యము సయితము చెడి యుండును. కావున గోడలోనికి పోవు గొట్టమును బయట నుండు గొట్టముకంటె నెక్కువ శ్రద్ధతో నెన్నుకొనవలయును.

షవరు అనబడు జల్లు కుళాయిని ఒక గోడనుండి మరియొక గోడకు మార్చుట అల్పమైన పనివలె దోచును. తాపీ మేస్త్రీ గోడలో గాడి చెక్కును. ప్లంబరు పాత గొట్టమునకు కొత్త ముక్క నతికించును. పైన పూత పూసి పలకలు పరచిన పిమ్మట పని ముగిసినదని యందరును తలంతురు. ఆ కొత్త ముక్క ఏ పదార్థముతో చేయబడినది, దాని లోపలి వెడల్పెంత, అతుకు లెక్కడ నున్నవి, విడిచిపెట్టిన పాత గొట్టమేమైనది అను ప్రశ్నలు పలకలు పరచక ముందే వేసికొనవలసినవి.

సిప్పీఘాట్ నందలి నీరు, గాలి, గోడ

దక్షిణ అండమాను ద్వీపమున, 2024వ సంవత్సరము సెప్టెంబరు నెలలో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరు పట్టణమునకు సమీపమున, సముద్రపు పాయ నంటి సిప్పీఘాట్ గ్రామము కలదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఈ ద్వీపములయందు నూటికి సుమారు 13 మంది తెలుగును మాతృభాషగా చెప్పికొనిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు వీరిలో పెక్కు గలవు. స్వస్థలమున తండ్రితాతల నాడు ఇనుప గొట్టము మేలైనదన్న మాట నేటికిని పలువురి నోట వినబడును. ఆ మాట ఈ ద్వీపమున ఎంతవరకు చెల్లునో పరీక్షింపవలసియున్నది.

ఇచ్చట ఏటేట సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురియును. ఇండ్ల కప్పులనుండి పట్టుకొను వాననీరును, వాననీటితో నిండు జలాశయముల నీరును సామాన్యముగా మృదుజలములు. సున్నపు లవణములు వానిలో స్వల్పము. కఠినజలము గొట్టము లోపల సన్నని సున్నపు పొరను పేర్చి లోహమును కొంతవరకు కాపాడును. మృదుజలమున కా గుణము లేదు. అది కొంచెము పులుపు స్వభావము గలదై, లోహమును మెల్లమెల్లగా తినివేయును.

గొట్టమునకు వెలుపలినుండి కూడ శత్రువు గలదు. సముద్రపు గాలిలో ఉప్పు నిండియుండును. సముద్రపు ఇసుకతో కట్టిన గోడలలోను, పూతలలోను ఉప్పు నిలిచియుండి, తేమ తగిలినపుడెల్ల ఇనుమును తుప్పు పట్టించును. 2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీని సంభవించిన మహాభూకంపముచే దక్షిణ అండమానున భూమి సుమారు 1 మీటరు క్రుంగెను. సిప్పీఘాట్ నందలి పల్లపు పొలములు సముద్రపు పోటునకు లోబడి ఉప్పునీటి మడుగు లయ్యెను. ఇట్టి పల్లమున కట్టిన ఇండ్ల గోడలు నేలనుండి ఉప్పు చెమ్మను పీల్చుకొనును. లోపల మృదుజలము, వెలుపల ఉప్పు చెమ్మ, నడుమ గొట్టము: ఇదియే సిప్పీఘాట్ గృహస్థుని ముందున్న సమస్య.

గొట్టముల రకములు, వాని గుణదోషములు

జి.ఐ. గొట్టము. ఇది జింకు పూత పూసిన ఇనుప గొట్టము. దెబ్బకు తాళును, ఎండకు చెడదు. అయినను గోడలో నిది నమ్మదగినది కాదు. దీని అతుకులు మరలతో బిగింపబడును. మరలు కోయునపుడు ఆ చోట జింకు పూత పోవుటయే గాక ఇనుము కూడ పలుచనగును. అనగా గొట్టమున కెల్ల బలహీనమైన స్థానము అతుకే యగును, ఆ యతుకే గోడలో దాగియుండును. వేడినీటి తగులుడుచే జింకు మరింత శీఘ్రముగా నశించును. లోపల తుప్పు గడ్డలు కట్టి దారిని నానాటికి ఇరుకు చేయును. ఉదయమున మొదట ఎఱ్ఱని నీరు వచ్చుట దీని తొలి లక్షణము.

రాగి గొట్టము. వేడిని తాళును, ఆయుస్సు గలది, సన్నని గోడ గలది. కాని వెల హెచ్చు; అతుకు వేయ నేర్చిన పనివారు అరుదు. పులుపు గల మృదుజలము రాగిని సయితము కరగించి, తొట్టెలపై ఆకుపచ్చని మరకలు వేయును. రాగిని జింకు పూత గల ఇనుముతో నేరుగా కలిపినచో ఇనుము త్వరగా చెడును.

పి.వి.సి. గొట్టము. తెల్లగానో బూడిదరంగుగానో ఉండు సామాన్యమైన ప్లాస్టిక్ గొట్టమిది. తుప్పు పట్టదు, వెల తక్కువ. కాని ఇది చన్నీటికే తగినది. 45 డిగ్రీలకు మించిన వేడిలో దీని బలము తగ్గును. గీజరునుండి వచ్చు నీటికి దీనిని వాడుట ప్రమాదము. పూర్వము ఈ గొట్టముల తయారీలో సీసపు సమ్మేళనములను కలుపుచుండిరి. భారత ప్రభుత్వము 2021వ సంవత్సరమున దీనిని నివారించు నియమములను ప్రకటించెను. కావున ఏండ్ల తరబడి కొట్టులో పడియున్న పాత సరకును, గుర్తు లేని సరకును త్రాగునీటికి కొనరాదు.

సి.పి.వి.సి. గొట్టము. పి.వి.సి. పదార్థమున క్లోరినును అధికముగా చేర్చి దీనిని చేయుదురు. వేడినీటికిని చన్నీటికిని ఒకటే గొట్టము చాలును. ఎస్.డి.ఆర్. 11 అను మందపు తరగతి గొట్టము 82 డిగ్రీల వేడిలోను చదరపు సెంటీమీటరునకు సుమారు 7 కిలోల ఒత్తిడిని తాళును. ఇంటి పైకప్పుమీది ట్యాంకు ఇచ్చు ఒత్తిడి దీనిలో పదవ వంతు కూడ నుండదు. మృదుజలముగాని ఉప్పు చెమ్మగాని దీనిని తినజాలవు. సూర్యరశ్మి మాత్రము దీనికి పడదు; అందుచే గోడలో నుండుటయే దీనికి క్షేమము. డాబామీద వేయు భాగమును తొడుగుతోనో రంగుతోనో కప్పవలయును.

పి.పి.ఆర్. గొట్టమును, పెక్స్ గొట్టమును కూడ వేడినీటికి తగినవే. పి.పి.ఆర్. అతుకులను కొలిమి వంటి చిన్న విద్యుత్ పనిముట్టుతో కరగించి కలుపుదురు. అతుకు సరిగా పడినచో గొట్టమంతయు ఒకే ముక్క యగును. పనివాడు దానిని అధికముగా కరగించినచో లోపల పదార్థముబ్బి దారి మూసికొనును. పెక్స్ వంగును గనుక ఒక మూలనుండి మరియొక మూలకు అతుకు లేక లాగవచ్చును. కాని దాని భాగములు ద్వీపమున ఎల్లపుడు దొరకునా యని ముందుగా విచారింపవలయును. మరమ్మతునకు భాగము దొరకని గొట్టము ఎంత మంచిదైనను గోడలో పెట్టదగినది కాదు.

ఈ కారణములచే సిప్పీఘాట్ వంటి చోట గోడలోని షవరు గొట్టములకు ఐ.ఎస్. 15778 సంఖ్యయు, ఐ.ఎస్.ఐ. గుర్తును ముద్రింపబడిన సి.పి.వి.సి. గొట్టము సామాన్య గృహస్థునకు ఎక్కువ అనుకూలము.

లోపలి వెడల్పు

గొట్టము మార్చిన పిమ్మట షవరునుండి ధార సన్నగిల్లినదని పలువురు చింతింతురు. దీనికి కారణము పేరొకటి, కొలత వేరొకటి యగుటయే. అర అంగుళము అని పిలువబడు ఇనుప గొట్టము లోపలి వెడల్పు సుమారు 16 మిల్లీమీటర్లు. అదే పేరు గల ఎస్.డి.ఆర్. 11 సి.పి.వి.సి. గొట్టము వెలుపలి కొలత 15.9 మిల్లీమీటర్లు, దాని గోడ మందమును రెండు ప్రక్కల తీసివేయగా లోపల మిగులునది సుమారు 12.5 మిల్లీమీటర్లే. నీరు పోవు దారి ఐదింట మూడు వంతులకు తగ్గును.

పట్టణములలో పంపుతో ఒత్తిడి పెంచిన నీటికి ఈ తగ్గుదల కనబడకపోవచ్చును. ట్యాంకునుండి దిగు నీటికి 10 మీటర్ల ఎత్తునకు గాని చదరపు సెంటీమీటరునకు 1 కిలో ఒత్తిడి రాదు. షవరునకు 2½ మీటర్ల పైన ట్యాంకు నీటిమట్టమున్నచో, ఒత్తిడి పావు కిలో మాత్రమే. ఇంత స్వల్పమైన ఒత్తిడి ఇరుకు దారిలోను, ప్రతి వంపులోను ఖర్చగును. కావున ట్యాంకు నీటిని వాడు ఇండ్లలో షవరు దగ్గరి వరకు ముప్పావు అంగుళపు గొట్టమునే తేవలయును. దాని లోపలి వెడల్పు సుమారు 18 మిల్లీమీటర్లు. కట్టకడపటి ఎల్బో వద్ద మాత్రమే అర అంగుళమునకు దిగవచ్చును. వంపులను ఎంత తగ్గించిన అంత మేలు.

వేడి, వ్యాకోచము

ప్లాస్టిక్ గొట్టములు వేడికి లోహముకంటె హెచ్చుగా సాగును. 3 మీటర్ల సి.పి.వి.సి. గొట్టమునకు 35 డిగ్రీల వేడి హెచ్చినచో అది సుమారు 6½ మిల్లీమీటర్లు పెరుగును. ఇనుప గొట్టము సుమారు 1¼ మిల్లీమీటర్లే పెరుగును. గొట్టమును సిమెంటుతో గట్టిగా బిగించినచో ఈ సాగుడు అతుకులను నెట్టును, పూతను చీల్చును. అందుచే వేడినీటి గొట్టమునకు నురుగు తొడుగు వేసి, వంపుల వద్ద కొంచెము ఖాళీ విడిచి, అటుపై పూత పూయవలయును. తొడుగు వేడిని కూడ నిలుపును. వేడి, చన్నీటి గొట్టములను ఒకదాని నొకటి తాకనీయక జానెడు దూరమున నుంచుట మంచిది. లేనిచో చన్నీరు అనవసరముగా గోరువెచ్చనగును. గోరువెచ్చని నిలువ నీటివలన కలుగు కీడు ఇకముందు చెప్పబడును.

అతుకులు

గోడలో అతుకు లెన్ని తక్కువైన అంత క్షేమము. సి.పి.వి.సి. గొట్టమును దానికై చేసిన సాల్వెంటు సిమెంటుతోనే అతుకవలయును, పి.వి.సి. జిగురు దీనికి చాలదు. గొట్టమును నిలువుగా తిన్నగా కోసి, అంచున నూగు తీసి, తుడిచి, రెండు వైపుల జిగురు రాచి, పావు చుట్టు త్రిప్పుచు లోనికి నెట్టి, కొన్ని క్షణములు పట్టుకొనవలయును. షవరు వాల్వు బిగించుచోట ఇత్తడి మరలు గల భాగమునే వాడవలయును. ఆ మరలకు టెఫ్లాను టేపు చాలును. నార, నూనె రంగు ప్లాస్టిక్‌కు తగవు.

పాత ఇనుప గొట్టమునకు కొత్త సి.పి.వి.సి. గొట్టమును కలుపవలసినచో ఆ కూడలిని గోడలో పూడ్చరాదు. తుప్పు పట్టిన పాత మర కొత్త బిగింపునకు తాళజాలక కారుట సాధారణము. డాబామీదనో, గది వెలుపలనో, కంటికి కనబడుచోట పాతదానిని కోసి, అచ్చటినుండి కొత్త గొట్టమును ఏకముగా తేవలయును. అచ్చటనే ఒక స్టాపుకాకును బిగించినచో, రేపటి మరమ్మతునకు ఇల్లంతయు నీరు లేక బాధపడనక్కరలేదు.

విడిచిపెట్టిన పాత గొట్టము

షవరును మార్చునపుడు పలువురు చేయు లోపమిది. పాత షవరు ఊడదీసి, గోడలో మిగిలిన గొట్టము చివర ఒక ప్లగ్గు బిగించి, దానిపై పలక అంటింతురు. ఆ గొట్టము నీటితో నిండియే యుండును; కాని అందలి నీరు ఎన్నడును కదలదు. ఒక ప్రక్క మూసిన ఈ గొట్టమునందు నీరు నెలల తరబడి నిలిచి, దాని లోపలి గోడలపై జిగట పొర పేరుకొని, సూక్ష్మజీవులకు నెలవగును.

1976వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఒక హోటలులో సమావేశమైన మాజీ సైనికులలో పలువురు తీవ్రమైన ఊపిరితిత్తుల జ్వరమునకు గురియైరి, కొందరు మరణించిరి. మరుసటి సంవత్సరమున దానికి కారణమైన సూక్ష్మజీవి గుర్తింపబడెను; తరువాత దానికి లీజియొనెల్లా యని పేరు పెట్టబడెను. ఇది నీటిలో పుట్టి, 20 మొదలు 45 డిగ్రీల వరకు గల వెచ్చదనమున వృద్ధినొందును. త్రాగుటవలనకంటె, నీటి తుంపరలను పీల్చుటవలన ఊపిరితిత్తులలో ప్రవేశించును. షవరు సరిగా అట్టి తుంపరలనే పుట్టించు సాధనము. వృద్ధులకు, పొగ త్రాగువారికి, మధుమేహము, ఊపిరితిత్తుల వ్యాధులు గలవారికి ముప్పు హెచ్చు. అండమానుల వంటి ఉష్ణదేశమున చన్నీటి గొట్టమునందలి నీరు సయితము ఏడాది పొడవునను 20 డిగ్రీలకు మించియే యుండును.

కావున పాత శాఖను దాని చివర మూయుట చాలదు. అది ప్రధాన గొట్టమునుండి చీలు టీ వద్దనే కోసి తీసివేయవలయును. టీ స్థానమున తిన్నని ముక్కను వేయవలయును. గీజరులోని నీరు 60 డిగ్రీల వేడికి చేరునట్లుంచి, స్నానమునకు ముందు చన్నీటితో కలుపుకొనవలయును. 60 డిగ్రీల నీరు కొన్ని క్షణములలోనే చర్మమును కాల్చునని మరువరాదు. పిల్లలు, వృద్ధులు గల ఇంట వేడిని తానే సరిచేయు మిక్సరు వాల్వు మేలు. వారములకొలది ఇల్లు విడిచి స్వస్థలమునకు పోయివచ్చినవారు, మొదట కిటికీ తెరచి, షవరు తలను బకెట్టులో నుంచి, వేడినీటిని చన్నీటిని కొన్ని నిమిషములు తుంపర లేకుండ విడువవలయును.

సీసము, మురుగు

షవరు నీటిని త్రాగరుగదా యని కొంద రనవచ్చును. కాని అదే గొట్టమునుండి ముఖము కడుగు కుళాయికిని, కొన్ని ఇండ్లలో వంటగదికిని నీరు పోవును. 2014వ సంవత్సరమున అమెరికాలోని ఫ్లింటు నగరమున నీటి యాధారమును మార్చి, లోహమును తినకుండ చేయు మందును కలుపకపోవుటచే, పాత సీసపు గొట్టములనుండి సీసము కరగి నీటిలో చేరెను; వేలకొలది పిల్లలు ఆ నీటికి లోనైరి. మృదుజలమునకును ఈ కరగించు గుణము గలదు. ఈ ద్వీపముల ఇండ్లలో సీసపు గొట్టములు లేకున్నను, నాసిరకపు ఇత్తడి భాగములయందు సీసముండవచ్చును. గుర్తు గల ఇత్తడి భాగములనే కొని, ఉదయమున మొదటి నీటిని త్రాగుటకు వాడకుండుట మంచిది.

మంచినీటి గొట్టమును మురుగు గొట్టముతో ఒకే గాడిలో వేయరాదు. నీటి సరఫరా ఆగిన గంటలలో గొట్టమున ఒత్తిడి తగ్గి, చిన్న కారుడు గల చోట బయటి మురికి లోనికి పీల్చబడును. చేతి షవరు తలను మురికినీటి బకెట్టులో మునిగియుండ విడుచుట కూడ ఇట్టి కీడునకే దారి తీయును.

గోడను చెక్కుట, పరీక్షించుట

ఈ ద్వీపములు భూకంపముల తాకిడి మిక్కుటముగా గల ప్రదేశములు. గొట్టమునకై కాంక్రీటు స్తంభమునుగాని దూలమునుగాని చెక్కరాదు. ఇటుక గోడలో నిలువు గాడి లోతు గోడ మందములో మూడవ వంతునకును, అడ్డగాడి ఆరవ వంతునకును మించరాదు. 230 మిల్లీమీటర్ల గోడలో ఇది వరుసగా 76, 38 మిల్లీమీటర్లగును. 115 మిల్లీమీటర్ల గోడలో అడ్డగాడికి 19 మిల్లీమీటర్లే దక్కును. ముప్పావు అంగుళపు గొట్టము వెలుపలి కొలత 22 మిల్లీమీటర్లగుటచే అందు ఇమడదు. అట్టి గోడలో గొట్టమును పైకప్పు క్రిందుగా బయటనే నడిపి, షవరునకు సరిగా పైనుండి నిలువుగా దింపవలయును. బోలు సిమెంటు దిమ్మెల గోడలను చెక్కిన వాని పలుచని అంచులు విరుగును; చెక్క గోడలలో చెమ్మ కుళ్లు పుట్టించును. ఈ రెంటియందును గొట్టమును గోడమీదనే నడిపి పెట్టెవలె కప్పుట మేలు.

అతుకులు వేసి ఒక దినము గడచిన పిదప, పూత పూయక ముందు, గొట్టమును నీటితో నింపి, గాలిని వెడలగొట్టి, చేతిపంపుతో చదరపు సెంటీమీటరునకు సుమారు 10 కిలోల ఒత్తిడి పెట్టి, ఒక గంటసేపు ముల్లు దిగకుండుటను చూడవలయును. గాలితో పరీక్షింపరాదు; ప్లాస్టిక్ గొట్టము పగిలి ముక్కలు ఎగురును. పరీక్ష ముగిసిన పిదప గొట్టములు పోవు దారిని కొలతలతో ఫొటో తీసి యుంచుకొన్నచో, మరునాడు మేకు కొట్టువాడు గొట్టమును పొడువడు.

సంగ్రహము

1. గోడలోనికి ఇనుప గొట్టము వలదు. గుర్తు గల సి.పి.వి.సి. గొట్టమును వాడవలయును.
2. ట్యాంకు నీటికి షవరు దగ్గరి వరకు ముప్పావు అంగుళపు గొట్టముండవలయును.
3. పాత, కొత్త గొట్టముల కూడలి కంటికి కనబడుచోట నుండవలయును.
4. వేడినీటి గొట్టమునకు తొడుగు వేసి, సాగుటకు చోటు విడువవలయును.
5. విడిచిన పాత శాఖను చివర మూయక, టీ వద్దనే కోసి తీసివేయవలయును.
6. స్తంభమును, దూలమును చెక్కరాదు.
7. ఒత్తిడి పరీక్ష నిలువనిదే పూత పూయనీయరాదు.

మేస్త్రీయు ప్లంబరును పని ముగించి వెడలిపోదురు. గోడలోని గొట్టముతో ఏండ్లు గడపవలసినవారు ఇంటివారే. కావున ఈ ఏడింటిని పని మొదలగుటకు ముందే పనివారితో మాటాడి నిశ్చయించుకొనుటయు, గాడి తెరచియున్నపుడే స్వయముగా చూచుకొనుటయు గృహస్థుని విధి.